అడుగునీళ్ళు

నాగులమ్మది ఉప్పుచెయ్యి. ఈ సంగతి కొత్తపాళెంలో ఉయ్యాలలోని పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. పదేళ్ళు ఉప్పుకొటారులో ఉప్పు లాగిన మనిషి కనుక ఆ ఉప్పు ఆమె అరచేతుల్లోకి ఇంకిపోయిందనీ, ఆ చెయ్యి సోకిన మొక్క నెల తిరక్కుండా మాడిపోతుందనీ, ఆమె కలిపిన ఊరగాయకు వేరే ఉప్పు అక్కరలేదనీ చెప్పుకొనేవారు. చెప్పుకోవడంతో ఊరుకోక చూపించేవారు కూడా. మైపాడుకు ఉత్తరాన రెండు మైళ్ళ దూరంలో, సముద్రానికీ సరుగుడు తోపుకూ నడుమ, ఆ ఊరి మహిళామండలి కూరగాయల తోట ఉంది. అందులో పది మళ్ళు. తొమ్మిది మళ్ళు పచ్చగా ఉన్నాయి. పదోది నాగులమ్మది, అది మాడిపోయింది. కళ్ళెదుట ఇంత సాక్ష్యం పెట్టుకొని కూడా నమ్మకుండా ఉండాలంటే మనిషి చాలా చదువుకొని ఉండాలి.

ఎలిశబెతు అంత చదువూ చదువుకున్నదే. బ్లాకు ఆఫీసువారు పంపగా ఐదు నెలల కిందట ఆ ఊరు వచ్చిన గ్రామసేవిక. ఇరవై ఆరేళ్ళది. చేతిలో మహిమా ఉండదు, దోషమూ ఉండదు అని ఆమెకు రూఢిగా తెలుసు. అయితే చేతిలో దోషం లేదని తేల్చుకున్నవారికి ఒక చిక్కు వస్తుంది. మొక్క మాత్రం నిజంగానే చచ్చిపోయింది కదా. చేతిలో దోషం లేకపోతే ఆ చెయ్యిగల మనిషిలో ఉండి ఉండాలి. ఊరు నమ్మకంతో ఎక్కడికి చేరిందో, ఎలిశబెతు అనుమానంతో దాదాపు అక్కడికే చేరింది.

తోట పటాన్ని ఆమె రంగుపెన్సిళ్ళతో గీసి బాలవాడి గోడకు అంటించింది. ఏ మడిలో ఏ మొక్క అన్నదే కాక, ఏ మనిషి పక్కన ఏ మనిషి అన్నది కూడా ఆలోచించి గీసిన పటం అది. చిక్కుడుకు పందిరి కావాలి. తోటకూరకు నీడ పనికిరాదు. అట్లాగే నోరు జారే మనిషి పక్కన ఓర్పుగల మనిషి ఉండాలి. పంతం పట్టే మనిషికి నలుగురు కనిపించే చోట మడి ఇవ్వాలి. మనుషుల్లోని మంచి కూడా విత్తనం వంటిదేననీ, చోటూ ఎడమూ చూసి నాటితే తప్పక మొలుస్తుందనీ ఆమె ఎంచింది. దేవుణ్ణి ఆదివారాల్లో మాత్రమే తలుచుకొనే ఎలిశబెతుకు మిగిలిన ఆరు రోజులూ ఈ నమ్మకమే ఆధారం.

అది అరవై ఒకటో సంవత్సరం, మార్చి నెల. మంగళవారం పొద్దున ఆమె పదో మడి దగ్గర గొంతుకూర్చుంది. నాటిన పన్నెండు మిరపమొక్కల్లో నాలుగే మిగిలాయి. వాటి ఆకుల అంచులు సెగ తగిలినట్టు గోధుమరంగుకు తిరిగి లోపలికి ముడుచుకున్నాయి. మొదళ్ళ చుట్టూ ఇసకమీద తెల్లటి పొర పేరుకొని ఉంది. గోటితో గీకి నాలుకకు రాసుకుంది. ఉప్పే.

"రుచి ఎట్నుండాది సేవికమ్మా? కూరలో వేసుకోవచ్చునా?" అన్నది తొమ్మిదో మడిలోంచి జైతూన్‌బీ. డబ్బాలకు మాట్లు వేసే అల్లాబక్షు భార్య ఆమె. నవ్వుతూనే తన వంగమొక్క ఆకు ఒకటి తుంచి తెచ్చి ఎలిశబెతు ముక్కు ముందు పెట్టింది. "ఇది చూడు. అంచు పసుపుకొస్తాండాది. పక్కలో పడుకుంటే గజ్జి అంటుకున్నట్టు నా మడికి కూడా అంటుకుంటాండాది. ఎనిమిదో మడికి లేదే, ఏడో మడికి లేదే! ఆమెకు పక్కన నన్ను ఎందుకు వేసినావమ్మా పటంలో? నేనేం పాపం చేసినా?"

"చేతికి అంటు ఉండదు జైతూన్‌బీ."

"చేతికి లేకపోతే మడికి ఉండాది. ఏదో ఒకదానికి ఉండాది గదా!"

ఎలిశబెతు ఆకును నోటుపుస్తకంలో పెట్టుకుంది. జైతూన్‌బీ చెప్పిన దానిలో ఆమెను కలవరపెట్టింది ఒక్కటే: జబ్బు వరసలో వస్తోంది. పదో మడిలో పూర్తిగా, తొమ్మిదో మడిలో అంచులకు మాత్రం. ఎవరో పదో మడిలో చల్లిన ఉప్పు కొంచెం గట్టుదాటి పడితే సరిగ్గా ఇట్లాగే ఉంటుంది.

తోట పక్కనే ఇసకలో తవ్విన దొరువు ఉంది. నాలుగు వైపులా వాలుగా దిగే గొయ్యి. దిగడానికి తాటిమొద్దుల మెట్లు. నడుముకు మించని నీళ్ళు. ఊళ్ళో తాగేనీళ్ళకు వేరే బావి ఉంది కనుక ఈ దొరువు తోటకోసమే తవ్వించారు. రాత్రంతా ఊరిన నీటిని పొద్దున ఆరు మొదలు ఒకరి తరువాత ఒకరు వంతులవారీగా డబ్బాలతో ముంచి పోసుకొంటారు, మనిషికి నాలుగు డబ్బాలు. నాగులమ్మ వంతు వచ్చేసరికి పదిన్నర అవుతుంది. అప్పటికి బాలవాడిలో పిల్లలకు పాలపొడి కలిపి తాగించే పని ముగించి వస్తుంది.

ఆ రోజూ అట్లాగే వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. అడుగు తీసి అడుగు వేయడంలో ఒక జాగ్రత్త ఉంది. కొటారు ఉప్పునీళ్ళలో నిలబడి నిలబడి పగిలిన పాదాలు, పాలపనిలో చేరిన ఈ ఐదు నెలల్లోనే మానాయి. పుళ్ళు ఉన్నచోట లేతచర్మం ఇంకా మెరుస్తోంది.

"నాగులమ్మా, నీ మడికి నీళ్ళు ఎట్లా పోస్తున్నావు?" అన్నది ఎలిశబెతు. గొంతులో అనుమానం వినిపించకుండా ఉండాలని ఆమె పడిన జాగ్రత్తే ఎక్కువ వినిపించింది.

నాగులమ్మ డబ్బాను కింద పెట్టింది. "అడుగునీళ్ళు తల్లీ నావి. అడుగునీళ్ళకు ఏ మొక్క బతుకుతాది?"

ఎలిశబెతు పెన్సిలు ఆగింది. అడుగు నీళ్ళా! మడిలో నాలుగు అంగుళాలు పారితే చాలని తాను ఎన్నిసార్లు చెప్పింది! పైగా ఇసకనేలలో అడుగు ఎత్తున నీళ్ళు నిలవాలంటే దొరువు దొరువంతా ఎత్తి పొయ్యాలి. నాలుగు డబ్బాలతో అయ్యే పని కాదు. అబద్ధమైనా కొలతకు అందేట్టు ఆడవచ్చు కదా అనుకుంది. నోటుపుస్తకంలో "పదో మడి: అడుగు నీరు. అసంభవం" అని రాసి దాని కింద గీత గీసింది.

"ఇకమీదట అంత వద్దు. రోజుకు రెండు డబ్బాలే పొయ్యి. నేను చూస్తుంటాను."

నాగులమ్మ ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసింది. "నువ్వు చెబితే అట్నే" అని డబ్బా తీసుకొని మెట్లు దిగింది.

బుధవారం మండలి అధ్యక్షురాలు పిచ్చమ్మ బాలవాడి అరుగుమీద కూర్చొని తమలపాకులకు సున్నం రాస్తోంది. రెండు పడవలు గల కామాక్షయ్య భార్య. మొదటి మడి ఆమెది. ఎదురుగా జైతూన్‌బీ నిలబడి ఒక డబ్బాను బోర్లించి చూపిస్తోంది.

"చూడండి. మా ఆయన పది కిరసనాయిలు డబ్బాలూ ఒకే నాడు కోసి, ఒకే నాడు పిడులు పెట్టి ఇచ్చినాడు. తొమ్మిదీ అట్నే ఉండాయి. ఇది మాత్రం!" వేలు పెట్టి నొక్కితే డబ్బా అడుగు ఎర్రగా రాలింది. "మాటు వేయమని తెచ్చింది నాగులమ్మ. యాడ వేస్తాడు మాటు? రేకు ఉంటే గదా!"

వెనకనే వచ్చిన అల్లాబక్షు తలపాగా సర్దుకున్నాడు. మాట తక్కువ మనిషి. ఎలిశబెతు అడిగితే గాని చెప్పలేదు. "ఉప్పు మోసిన రేకమ్మా ఇది. నీళ్ళు మోసిన రేకు ఇంత తొందరగా పోదు."

"విన్నావా సేవికమ్మా!" అన్నది పిచ్చమ్మ. "నేను చెబితే మూఢనమ్మకం అంటావు. నేనేం గుడ్డిగా నమ్మలేదు. పోయిన నెల ఆమె నీళ్ళు తీసుకుపోయినాక నేనే దొరువులోకి దిగి దోసిలి పట్టి రుచి చూసినా. ఉప్పుకషాయం! అదే పొద్దున నేను ముంచినప్పుడు చెరుకురసం మాదిరి ఉండాది. నడుమ ఆమె చెయ్యి తప్ప ఇంకేం పడినాది అందులో?"

ఎలిశబెతు ఆ మాటలను వరసగా పేర్చి చూసుకుంది. ఇది వదంతి కాదు, పరిశీలన. ముందు తీపి, తరువాత ఉప్పు, నడుమ నాగులమ్మ. శిక్షణలో తనకు నేర్పినదీ ఇదే పద్ధతి. కాకపోతే పిచ్చమ్మ చెయ్యి అన్నచోట తాను చేరడు ఉప్పు అని చదువుకోవాలి. డబ్బాలో మోసుకొచ్చి, దొరువులో కలిపి, మడిలో పోస్తోంది. ఎందుకు? ఊరంతా తనను వెలివేసినట్టు చూస్తోందన్న కక్షతో కావచ్చు. మనుషుల్లోని మంచి విత్తనం వంటిదైతే, కక్ష కూడా విత్తనమే; దానికి ఎరువు అక్కరలేదు.

పిచ్చమ్మ తమలపాకు మడిచి బుగ్గన పెట్టుకుంది. "శనివారం మండలి కూర్చుంటాది. సోమవారం బ్లాకు ఆఫీసరు వస్తాడు తోట చూడను. ఎండిన మడి ఆయనకు చూపించి తల దించుకోవాల్నా? ఆ మడి నా కోడలికి రాయి. పాలపని కూడా మాన్పించు. బిడ్డలు తాగే పాలల్లో ఆ చెయ్యి పెట్టడం నాకు ముందే ఇష్టం లేదు."

"ఆ పని పోతే ఆమె ఎక్కడికి పోతుంది?"

"యాడినుంచి వచ్చినాదో ఆడికే. కొటారు మూసేసినారా ఏంది?"

పాలగిన్నెలు తోముతున్న నాగులమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆమె ఆ మాట విన్నది. తల ఎత్తలేదు; బూడిద పిడికిట్లోకి తీసుకొని మళ్ళీ తోమసాగింది. కింద, తడిసిన నేలమీద, ఆమె పాదాలు రెండూ ఒకదాన్నొకటి దాచుకోబోతున్నట్టు దగ్గరకు జరిగాయి. ఎలిశబెతు ఆ కదలిక చూసింది. చూసినా, దొరికిపోయిన మనిషి కదలిక కూడా అట్లాగే ఉంటుందని తనకు తాను చెప్పుకుంది.

గురువారం ఆమె కాపు కాసింది. ఆ మాట ఆమె ఒప్పుకోదు. బాలవాడి కిటికీ దగ్గర కూర్చొని రిపోర్టు రాస్తున్నానంటుంది. రిపోర్టు మూడు వాక్యాలు దాటలేదు. తొమ్మిదిన్నరకు నాగులమ్మ పిల్లలకు పాలు తాగించడం ముగించి, గిన్నెలు బోర్లించి, ఎవరికీ చెప్పకుండా తోపు వైపు వెళ్ళింది. పదకొండు దాటాక తిరిగి వచ్చింది. అప్పటికి తోటలో ఎవరూ లేరు. ఆమె ఒడిలో ఏదో బరువైన ముడి వేలాడుతోంది. దాని బరువుకు చీర నడుము దగ్గర సాగి ఉంది. తోట వాకిట ఆగి అటూ ఇటూ చూసింది. పదో మడిలో కూర్చొని, ముడి విప్పి, గుప్పెడు తీసి మిరపమొక్క మొదట్లో వేసింది.

ఎలిశబెతు చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఇసకలో పరుగెత్తింది.

"చెయ్యి తియ్యవద్దు! అట్లాగే ఉంచు. ఏముంది ఒడిలో?"

నాగులమ్మ ఉలిక్కిపడి ముడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే విప్పు."

ఎలిశబెతు ఆమె ఎదుట ఇసకలో కూర్చుంది. చివరికి నాగులమ్మ వేళ్ళు వదులు చేసింది. చీరకొంగు విచ్చుకుంది. అందులో ఉన్నది నల్లటి, మెత్తటి ఒండ్రుమన్ను. నీళ్ళు ఇంకా ఆరని ముద్దలు. ఒక ముద్దలో నత్తగుల్ల, ఒక గడ్డిపరక.

"కాలవగట్టు కాడినుంచి తెచ్చినా" అన్నది నాగులమ్మ. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు నెమ్మదిగా. "ఆడ పూడిక తీసి పోసినారు. రోజూ కాస్త కాస్త తెచ్చి వేద్దామని. శనివారం లోపల ఒక్క చెట్టు అయినా తలెత్తితే నన్ను ఉండనిస్తారేమోనని."

కాలవ అక్కడికి రెండు మైళ్ళు. ఎలిశబెతు చూపు, తాను వద్దనుకొన్నా, ఆమె పాదాలమీదికి పోయింది. కుడికాలి మడమమీద లేతచర్మం మళ్ళీ చిట్లి ఉంది.

"ఇది దాచుకోవడమెందుకు? నాకు చెప్పవచ్చు కదా!"

"చెప్పినా గదమ్మా మంగళవారం. అడుగునీళ్ళని చెప్పినా. నువ్వు నీళ్ళు సగానికి సగం కోసినావు. ఇంకేం చెప్పేది?"

"అడుగు నీళ్ళు పోస్తే మొక్క కుళ్ళిపోతుందనే కదా నేను..."

నాగులమ్మ ముఖం చిట్లించింది. "పోసేదేందమ్మా? ఎంత అడుగు?"

"అడుగు. పన్నెండు అంగుళాలు." ఎలిశబెతు చేతులతో ఎత్తు చూపించింది.

నాగులమ్మ ఆ రెండు చేతుల నడుమ ఉన్న గాలిని కొంతసేపు చూసింది. తరువాత నవ్వింది. ఈ ఐదు నెలల్లో ఆమె నవ్వడం ఎలిశబెతు చూడలేదు. పై పన్ను ఒకటి లేదు.

"కొలత గాదు తల్లీ! అడుగు. కింద. దొరువులో అడుగున ఉండే నీళ్ళు." ఇసకలో వేలితో ఒక గుంట గీసింది. "కొటారులో బిడ్డలకు కూడా తెలుసు ఇది. ఉప్పునీళ్ళు బరువు, కిందికి కూచుంటాయి. వాననీళ్ళు తేలిక, పైన తేల్తాయి. ఈడ సముద్రం రెండు బారల దూరంలో ఉండాదా, దొరువులో కింద ఉప్పు, పైన మీగడ మాదిరి మంచినీళ్ళు. రాత్రంతా పడుకోనిస్తే మీగడ కడతాది. పొద్దున తొమ్మిది మంది తీసుకుపోతారు. జైతూన్‌బీ కాడికి వచ్చేతలికే అయిపోతా ఉంటాది. నాకు అడుగు. నాలుగు నెలలుగా నాకు అడుగే."

ఎలిశబెతు గుంట గీసిన వేలినీ, గుంటనూ మార్చి మార్చి చూసింది.

"మరి వాళ్ళకు ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే నా చెయ్యే చెప్పిందంటారు" అన్నది నాగులమ్మ. మిగిలిన ఒండ్రు మొక్కల మొదట్లో సర్ది చేతులు దులుపుకొంది.

ఆ సాయంత్రం బాలవాడి తలుపు తాళం వేయబోతూ ఎలిశబెతు పటం ముందు ఆగింది. పది మళ్ళకూ పది రంగులు. ప్రతి మడి కింద మొక్క పేరు, మనిషి పేరు, ఎడం, ఎరువు. పటం అడుగున, ఎవరి కంటికీ అంతగా ఆనని చోట, నీళ్ళ వంతులు. పదో వరసలో తన చేతిరాతతోనే ఉంది: "నాగులమ్మ — ఎప్పుడూ చివర."

ఆ మాట ఎప్పుడు రాసిందో ఆమెకు బాగా గుర్తుంది. తోట మొదలుపెట్టిన నాడు పిచ్చమ్మ ఒక్కటే షరతు పెట్టింది, ఉప్పుచెయ్యి తమకంటె ముందు దొరువులో పడకూడదని. అందరూ తలలు ఊపారు. చివర దిగితే మాత్రం నీళ్ళు నీళ్ళు కాకపోతాయా అనుకొని, పెద్ద మంచి కోసం చిన్న మూఢత్వాన్ని ఓర్చుకోవాలని తనకు తానే నచ్చజెప్పుకొని, నవ్వుతూ రాసింది. ఆ రోజు తన సహనానికి తానే ముచ్చటపడింది కూడా. నమ్మకం ఊరిది, దాన్ని రోజూ పొద్దున అమలు జరిపిన కాగితం మాత్రం తనది.

పటాన్ని చించబోయి ఆగింది. చించితే ఏం తేలుతుంది? పిచ్చమ్మ రుచి చూసిన నీళ్ళు ఉప్పగా ఉన్నమాట నిజం. నాగులమ్మ మాట చెబితే చెయ్యి చెప్పిందంటారు. తాను చెబితే సేవికమ్మ వెనకేసుకొచ్చిందంటారు. తీపికీ ఉప్పుకూ నడుమ ఆ చెయ్యి లేకుండా చెయ్యాలి. అప్పుడు గాని తెలియదు. తెలిసేదాకా నాగులమ్మ మాట కూడా మాటే. తప్పుడు అనుమానం ఒకసారి పడ్డాక కరుణతో ఇంకో తప్పు చెయ్యకూడదు.

శుక్రవారం తోటకు నీళ్ళు లేవని ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. దొరువు ఊరాలి, శనివారం అందరికీ నీళ్ళు నేనే ముంచి ఇస్తాను, అన్నది. సేవికమ్మకు ఎండ తగిలిందని జైతూన్‌బీ అన్నట్టు తరువాత తెలిసింది. పిచ్చమ్మ మాత్రం కళ్ళు చిన్నవి చేసి, "నాగులమ్మ?" అన్నది.

"ఆమె దొరువు గట్టు కూడా ఎక్కదు. పాలదగ్గరే ఉంటుంది. మీరందరూ చూస్తూనే ఉండండి."

"అట్లయితే సరే" అన్నది పిచ్చమ్మ. "నీళ్ళు ఎట్నుంటాయో నాకు ముందే తెలుసు."

శనివారం సముద్రంమీద పొద్దు పొడవక ముందే తొమ్మిది మందీ డబ్బాలతో వచ్చారు. బాలవాడి అరుగు దొరువుకు ముప్ఫై అడుగుల దూరం; అక్కడ నాగులమ్మ పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది. ఎలిశబెతు చీర మోకాళ్ళదాకా ఎగగట్టి మెట్లు దిగింది. నీళ్ళు చల్లగా, కదలకుండా ఉన్నాయి. మొదటి డబ్బా ముంచి పైకి అందించి, "రుచి చూడండి పిచ్చమ్మగారూ" అన్నది.

పిచ్చమ్మ దోసిలి పట్టి తాగింది. పెదవులు తుడుచుకొని అందరివైపు తిరిగింది. "చెరుకురసం! నేను చెప్పలా? నిన్న ఆమె దిగలేదు, ఈ పొద్దు నీళ్ళకు ప్రాణం వచ్చింది."

"మనిషికి నాలుగు డబ్బాలు. ప్రతివాళ్ళూ చివరి డబ్బా రుచి చూసి చెప్పండి. అబద్ధం వద్దు" అన్నది ఎలిశబెతు.

ముంచడం మొదలుపెట్టింది. రోజూ ఒకరు నాలుగు ముంచే చోట ఒక్క మనిషి నలభై ముంచాలి. పన్నెండో డబ్బాకు భుజం నొప్పి పుట్టింది. ఇరవయ్యో డబ్బాకు పిడి ఒరుసుకొని అరచేతిలో బొబ్బ లేచింది. మూడో మెట్టు దాకా ఉన్న నీళ్ళు ఐదో మెట్టుకు దిగాయి. పైన ఆడవాళ్ళు మళ్ళలో నీళ్ళు పోసుకుంటూ, మాటమాటకూ అరుగువైపు చూస్తున్నారు. నాగులమ్మ వాళ్ళవైపు చూడలేదు. డబ్బామూత తీసి పాలపొడి పళ్ళెంలో పోసి, ఉండలు లేకుండా వేళ్ళతో చిదుముతోంది. పిల్లలు ఆమె చుట్టూ గిన్నెలు వాయిస్తున్నారు.

"తియ్యగానే ఉండాయి" అన్నది ఏడో మడి మాలకొండమ్మ. ఎనిమిదో మడి కామమ్మ చప్పరించి, చప్పరించి, "బాగానే ఉండాయిలే" అన్నది. ఆ "లే"ను పిచ్చమ్మ గమనించినట్టు లేదు. ఎలిశబెతు గమనించింది.

జైతూన్‌బీ వంతు వచ్చింది. నాలుగో డబ్బాలోంచి కాస్త నోట పోసుకుంది. ముఖం ఒక పక్కకు లాగింది. ఇంకొంచెం పోసుకుంది.

"ఏమ్మే, మాట్లాడవేం?" అన్నది పిచ్చమ్మ.

"కొంచెం... నా నోరే బాగాలేదేమో. తమలపాకు నమిలినా పొద్దున." కామమ్మను పిలిచి తాగించింది. కామమ్మ తల అడ్డంగా ఊపింది. జైతూన్‌బీ డబ్బా పట్టుకొని తన వంగమడి వైపు చూసి, పసుపు తిరిగిన ఆకుల వైపు చూసి, నీళ్ళు పోయకుండా అక్కడే నిలబడిపోయింది.

ఎలిశబెతు మిగిలిన నాలుగు డబ్బాలకు దిగింది. ఇప్పుడు నీళ్ళు మోకాలికి కూడా రావడం లేదు. డబ్బాను పక్కకు వంచి తోయవలసి వస్తోంది. అడుగున ఇసక గీసుకున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. ముప్ఫై ఏడు. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. నలభయ్యో డబ్బాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకొని మెట్లెక్కి, పిచ్చమ్మ కాళ్ళదగ్గర దించింది. అరచేతుల్లో పగిలిన బొబ్బలమీద ఆ నీళ్ళు పడి మండుతున్నాయి. రుచి చూడకముందే ఆమెకు తెలిసింది.

పిచ్చమ్మ వంగి దోసిలి పట్టింది. నోట్లో పోసుకుంది. మింగలేదు. పక్కకు తిరిగి ఇసకలో ఉమ్మింది. ఎలిశబెతు కుడిచెయ్యి పట్టుకొని తిప్పి చూసింది. ఉప్పు కోసం వెతుకుతున్నట్టు అరచేతిని బొటనవేలితో ఒత్తింది. బొబ్బలు తప్ప ఏమీ లేవు.

"ఏంది సేవికమ్మా" అన్నది జైతూన్‌బీ, సన్నగా. "నీది కూడా ఉప్పుచెయ్యేనా?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మాలకొండమ్మ డబ్బాలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది, కామమ్మ రాసుకుంది, తొమ్మిది మందీ ఒకరి తరువాత ఒకరు రాసుకున్నారు.

ఎలిశబెతు కొంగులోంచి మడిచిన కాగితం తీసింది. పాత వరసను తలకిందులు చేసి నిన్న సాయంత్రం గీసిన కొత్త వంతుల పట్టీ. రోజుకు ఒక పేరు కిందికి జరుగుతుంది. చివర ఉన్న పేరు మొదటికి వస్తుంది.

పిచ్చమ్మ దాన్ని తీసుకొని చాలాసేపు చూసింది. చదువురాని మనిషి, పేర్ల పొడవులు చూస్తోందో, మరేం చూస్తోందో. "సోమవారం నా వంతు ఎన్నోది?" అన్నది.

"పదోది."

"మొదట?"

"నాగులమ్మక్క."

ఆ "అక్క" వినగానే పిచ్చమ్మ తలెత్తింది. కాగితం మడిచింది. తిరిగి ఇవ్వలేదు, రవికలో దోపుకుంది. అయినా నాలుగు నెలల అలవాటు ఒక్క పొద్దులో పోదు కదా. కళ్ళు చిన్నవి చేసి, "నడుమ ఎప్పుడైనా ఆమె గాని..." అంటూ అరుగువైపు తిరిగింది. అందరూ తిరిగారు.

పొయ్యి పక్కన నాగులమ్మ కూర్చొని ఉంది. చుట్టూ పద్దెనిమిది మంది పిల్లలు పాలు తాగుతున్నారు. ఆమె చేతులు మోచేతులదాకా పాలపొడితో తెల్లగా, పొడిగా ఉన్నాయి. ఆ పొద్దు నలభై డబ్బాలూ ముంచింది ఎలిశబెతు. నాగులమ్మ దొరువులో చెయ్యి పెట్టలేదు.